కింద, సంకల్ల వెంట్రుకలు తీసేటప్పుడు మంట, పొక్కులు రాకుండ ఏం చెయ్యాలె

మొదలు ఒక ముచ్చట చెప్త, కింద, అంటే మర్మాంగాల కాడ, వెంట్రుకలు తీసుడు తప్పనిసరి ఏం గాదు. ఉంటే మురికి అనుకునుడు ఉత్తదే, అవి తోలు తోలు ఒరుసుకోకుండ అడ్డం ఉంటయ్, వాసన అనేది వెంట్రుకలతోని గాదు చెమట మీద బ్యాక్టీరియా చేరుడుతోని వస్తది, రోజు కడుక్కొని పొడిగ తుడుచుకుంటే సరిపోతది. తీస్కోవాలనిపిస్తే తీస్కోండ్రి, లేకుంటే వదిలెయ్యండ్రి. ఆడోళ్లకైన మగోళ్లకైన ఇదే మాట.

నల్గొండల నాది చిన్న బ్యూటీ పార్లర్, లగ్గాల సీజన్ అయితే చాలు రేపు పెళ్లి పెట్టుకొని ఇయ్యాల సంకల్ల ఎర్రగ కాలినట్టు చేస్కొని వచ్చేటోళ్లు మస్తు మంది. వాళ్లందరికి చెప్పేది ఒక్కటే, తోలు దాకా పోవుడు ఎందుకు, ట్రిమ్ చేస్కుంటే సగం లొల్లి ఉండదు కదా. నా ఓటు ఎప్పుడైన ట్రిమ్మర్‌కే. గార్డు (ట్రిమ్మర్ ముందట తగిలిచ్చే దువ్వెన అసొంటిది) పెట్టి రెండు మూడు మిల్లీమీటర్లు ఉంచి కొడితే బ్లేడు తోలుకు తగలదు, వెంట్రుక లోపలికి మలుగుడు ఉండదు, దురద చానా తక్కువ. గార్డు తీసేసి ముడతలున్న కాడ పెట్టొద్దు, మగోళ్లకు వృషణాల మీద తోలు వదులుగ ఉంటది కాబట్టి ఒక చేత్తోని సాపు చేసి పట్టుకొని మెల్లగ పోనియ్యాలె. ఇంకోటి, గడ్డానికి వాడే ట్రిమ్మర్ కిందికి వాడి మళ్ల మొఖానికి పెట్టకుండ్రి, వేరేది కొనుక్కోండ్రి.

లే, నాకు నున్నగనే గావాలె అంటే రేజర్. దీంట్లనే అందరు ఆగమాగం చేస్తరు. పొద్దుగాల ఆఫీస్ టైం అయితుంటే ఎండిపోయిన తోలు మీద సబ్బు రాసి నాలుగు గీతలు గీకి టైట్ జీన్స్ ఏస్కొని బస్సెక్కితే మధ్యాహ్నానికి నడవొస్తదా, అందుల మే నెల ఎండల? రాత్రి పూట పెట్టుకోండ్రి ఈ పని, తానం చేసినంక. ముందుగాల పొడుగున్నయి కత్తెరతోని కత్తిరించుకోవాలె, తర్వాత గోరువెచ్చటి నీళ్లతోని ఒక ఐదు నిమిషాలు నాననియ్యాలె, అప్పుడు వెంట్రుక మెత్తవడుతది. సబ్బు గాదు, వాసన లేని షేవింగ్ జెల్ గానీ క్రీం గానీ రాయండ్రి. మా దిక్కు ఇంకో తిప్పలుంది, బోరు నీళ్లకు నురగే రాదు, సబ్బు తోలు మీద జిగటలెక్క పట్టుకుంటది, దాని మీద బ్లేడు సరిగ జారదు. చానా మంది ఫ్లోరైడ్ వల్ల అనుకుంటరు గాని నురగ రానియ్యనిది కాల్షియం, మెగ్నీషియం, ఫ్లోరైడ్ కథ వేరు. మిషన్ భగీరథ (సర్కారు తాగునీళ్ల పథకం) నల్లా వచ్చినప్పుడు ఒక బకెట్ పట్టి పెట్టుకుంటే ఈ పనికి అయే నయం.

బ్లేడు కొత్తది ఉండాలె, మొద్దుగ అయినదాన్ని ఒత్తి గీకితేనే తెగుతది, మంట అయితది. వేలుతోని అటు ఇటు రాసి చూడండ్రి, ఎటు రాస్తే సాపుగ ఉంటదో వెంట్రుక అటే పెరుగుతున్నట్టు, రేజర్ గూడ అటే పోవాలె. ఎదురు గీకితే నున్నగ వస్తది, నిజమే, కానీ తెగిన కొన తోలు లోపటికి పోయి అండ్లనే మలిగి పెరుగుతది, నాలుగు రోజులకు చిన్న చిన్న పొక్కులు తేలేది గవే. వెంట్రుక రింగులు రింగులు ఉన్నోళ్లకు ఇది ఇంకా ఎక్కువ. సంకల్ల అయితే పైకి కొన్ని, కిందికి కొన్ని, పక్కకు కొన్ని పెరుగుతయ్, అందుకే చెయ్యి పైకి లేపి తోలు సాపు చేసి ముక్క ముక్కగ గీస్కోవాలె. ఒత్తొద్దు, ఒక్కతాన రెండోసారి పోవద్దు, గీత గీతకు బ్లేడు కడగాలె. అయినంక చల్లటి నీళ్లు పోసుకొని మెత్తటి తువాలతోని అద్దుకోవాలె, రుద్దొద్దు. రేజర్ ఎవలది వాళ్లకే, మొగడు పెండ్లాం అయినా సరే, చిన్న గాటు పడ్డా రక్తంతోని హెపటైటిస్ బీ అసొంటియి అంటుతయ్, పులిపిర్లు గూడ అంటుతయ్.

తర్వాత ఏం రాయాలె అంటే ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగ, లేకుంటే కలబంద జెల్, గంతే. డెట్టాల్, డియోడరెంట్, పౌడర్, నిమ్మకాయ ఇవేవి ఆ రోజు దగ్గరికి రానియ్యొద్దు. మంగలాయన గడ్డం గీసి పటిక రాస్తడు కదా అని పటిక గూడ కింద రుద్దుతరు కొంతమంది, అది మొఖానికి, కిందికి పెడితే ప్రాణం పోయినంత మంట. ఆ రాత్రి వదులుగ ఉండే కాటన్ లుంగీనో నైటీనో ఏస్కొని పండుకోండ్రి. చెమట పట్టే పని, జిమ్ తెల్లారి పెట్టుకోండ్రి.

ఇగ వెంట్రుకలు తీసే క్రీముల ముచ్చట. అండ్ల థయోగ్లైకోలేట్ అని ఒకటుంటది, వెంట్రుకల ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్‌ను తెంపి మెత్తగ చేస్తది, తోలు పై పొరల గూడ కెరాటినే ఉంటది కాబట్టి టైం దాటితే తోలును గూడ తింటది. అందుకే ఒకరోజు ముందు తొడ మీద జరంత రాసి, ప్యాక్ మీద ఉన్న టైం అయినంక కడిగేసి, 24 గంటలు చూడండ్రి, ఏం గాకుంటేనే వాడండ్రి. కాళ్లకు రాసేది కిందికి రాయొద్దు, కింద వాడొచ్చని డబ్బ మీద రాసి ఉన్నదే తీస్కోవాలె, అదైనా పైపైన, గజ్జల అంచులకే, యోని లోపలి దిక్కు, మలద్వారం కాడ అస్సలు వద్దు. రాసినంక ఫోన్‌ల టైమర్ పెట్టుకోండ్రి, సీరియల్ చూస్కుంట కూసుంటే అయిపాయె.

వాక్స్ సంకలకు బాగనే ఉంటది, వెంట్రుక బియ్యం గింజ అంత పొడుగు ఉండాలె, లేకుంటే మధ్యల తెగుతది. కింద మాత్రం నేను మా పార్లర్ల చెయ్య, చెయ్యమని అడిగినా చెయ్య, అది బాగా నేర్చిన చెయ్యి ఉండాలె. ఎక్కడ చేపిచ్చుకున్నా ఒకటి గమనించండ్రి, తోలుకు తగిలిన చెక్కను మళ్ల వాక్స్ డబ్బల ముంచుతున్నరంటే లేసి వచ్చెయ్యండ్రి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గోలీలు వాడుతున్నోళ్లు, ఈ మధ్యనే ఆపినోళ్లు వాక్స్ జోలికి పోవద్దు, తోలే ఊడి వస్తది. షుగర్ ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగకుండ చేపిచ్చుకోవద్దు.

లేజర్‌కు పైసలుంటే స్కిన్ డాక్టర్ దగ్గర చేపిచ్చుకోండ్రి. మన రంగు తోలుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ మిషన్ సేఫ్ అంటరు. వారాల గ్యాప్‌తోని ఆరు, ఆపైన సిట్టింగులు పడ్తయ్, మొత్తానికి మొత్తం పోవు, తగ్గుతయ్. తెల్ల వెంట్రుకకు పని చెయ్యదు.

పొక్కులు వచ్చినయా, పిన్నీసుతోని పొడవకండ్రి. గీకుడు ఆపెయ్యండ్రి, గోరువెచ్చటి నీళ్ల బట్ట పొద్దుగాల, రాత్రి పది నిమిషాలు పెట్టండ్రి, చానా వరకు వెంట్రుక దానంతట అదే బయటికొస్తది. నల్ల మచ్చలు పడ్తే మాత్రం ఓపిక పట్టాలె, నెలలు పడ్తది, మచ్చకని మెడికల్ షాపుల ఏదో ట్యూబ్ తెచ్చి రుద్దితే ఇంకింత ఖరాబ్ అయితది. గజ్జలల్ల గుండ్రంగ, అంచు ఎర్రగ లేసి దురద వెడ్తుంటే అది రేజర్ మంట గాదు, తామర అయి ఉండొచ్చు. దానికి స్టెరాయిడ్ కలిసిన ట్యూబ్ రాస్తే రెండు రోజులు హాయిగ అనిపిచ్చి తర్వాత తొడలంత పాకుతది. అది పూర్తిగ తగ్గేదాకా ఆడ రేజర్ ముట్టొద్దు.

కాన్పుకు పోయేముందు ఇంట్లనే బ్లేడుతోని మొత్తం గీకి పంపుతరు మన దిక్కు, గది మానుకోండ్రి. మామూలు కాన్పుకు ఆ గీకుడు అక్కర లేదని 2015ల, ఆపరేషన్‌కు గూడ వెంట్రుకలు తీయొద్దు, తప్పదంటే క్లిప్పర్‌తోనే తీయాలె, బ్లేడు వాడొద్దని 2016ల ప్రపంచ ఆరోగ్య సంస్థనే చెప్పింది. బ్లేడు గాట్లల్ల నుంచి చీము పట్టే సూక్ష్మజీవులు లోపలికి పోతయ్. తీసుడు గీసుడు ఉంటే దవాఖానల వాళ్లే చూస్కుంటరు.

జొరం వచ్చినా, గడ్డ పెద్దగయ్యి సలుపుతున్నా, ఎరుపు రోజు రోజుకు పాకుతున్నా, షుగర్ ఉండి చీము పట్టినా ఇంట్ల కూసోవద్దు. నల్గొండ, మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానల్ల చర్మం డాక్టర్లు ఉంటరు, సిగ్గువడకుండ చూపిచ్చుకోండ్రి, ఆడ డాక్టర్ గావాలంటే అడగండ్రి. పోయేటప్పుడు ఇంట్ల రాసిన ట్యూబులు ఏమేం ఉన్నయో అన్నీ సంచిల ఏస్కొని తీస్కపోండ్రి, డాక్టర్ మొదలు అడిగేది గదే.