మా మినీవ్యాన్ మైలేజీ మళ్లీ ఎలా పెరిగిందంటే

లీటరుకు 11 కిలోమీటర్లు ఇచ్చే మా మినీవ్యాన్ మెల్లగా 9కి పడిపోయింది. డాష్‌బోర్డు చూపే అంకె మీద ఆధారపడకుండా, ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించేదాకా తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించడం మొదలుపెట్టాను. ఒక్క ట్యాంకుతో తేల్చేయకండి, మూడు నాలుగు చూడాలి.

టైర్లలో గాలి తక్కువగా ఉంది. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉన్నంత కొట్టించాను. పైన ఖాళీగా ఉన్న క్యారియర్ తీసేశాను. కొంచెం మెరుగైంది, అంతే.

అసలు విషయం టెంపరేచర్ ముల్లు దగ్గర దొరికింది. అరగంట నడిపినా అది మధ్యకు రావట్లేదు. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకునే ఉండిపోయింది! దాంతో ఇంజన్ సరిగా వేడెక్కదు, ఇంకా చల్లగానే ఉందని బండిలోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపుతుంది. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు, అందుకే ఇన్నాళ్లు పట్టుకోలేకపోయాను. థర్మోస్టాట్, కూలెంట్ మార్చాను. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

తర్వాతి మూడు ట్యాంకుల సగటు 10.6. దగ్గర దూరాలకే పదేపదే తీస్తే ఇప్పటికీ తగ్గుతుంది. ఇంజన్ వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది కదా.