ప్రాసెసర్ మార్చబోయి డిస్క్ మార్చాను

నా పాత ల్యాప్‌టాప్ ఆన్ కావడానికి 2 నిమిషాలు పట్టేది. ప్రాసెసర్ మార్చేద్దామని మూత విప్పి, దాని వేడిని లాగేసే లోహపు భాగం, అంటే హీట్‌సింక్ తీశాను. కింద చిప్‌ని పెట్టి తీసే గూడు, అంటే సాకెట్టే లేదు, చిప్‌ని మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేశారు (టంకం వేసి అతికించేశారు). ప్రాసెసర్ మోడల్ ఇంటెల్ ఐ5-4200యు, నాలుగో తరానిది. సోల్డర్ చేసిందని ఆ చివరి 'యు' అక్షరమే చెప్పేస్తుంది, విప్పక్కర్లేదు. ఇంటెల్ నాలుగో తరంలో 'ఎం', 'ఎంక్యూ' రకాలు సాకెట్‌లో ఉండేవి. ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్ చిప్‌లన్నీ సోల్డర్ చేసినవే. సాకెట్ ఉన్నా బయోస్ (ల్యాప్‌టాప్‌ని మొదట ఆన్ చేసే ప్రోగ్రామ్) కొత్త చిప్‌ని గుర్తుపట్టాలి, పాత చిప్‌కి సరిపడా ఉన్న, ఉదాహరణకు 37 వాట్ల కూలింగ్, కొత్త చిప్ ఇచ్చే 47 వాట్ల వేడిని తట్టుకోవాలి.

ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్ చూస్తే అసలు సంగతి తెలిసింది: సీపీయూ (ప్రాసెసర్) వాడకం 20 శాతం దాటట్లేదు, డిస్క్ మాత్రం 100 దగ్గరే ఉంది. హార్డ్ డిస్క్ తీసి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టాను. చిప్ వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారింది, దాన్ని తుడిచి కొత్తది రాశాను. ఇప్పుడు 20 సెకన్లలో డెస్క్‌టాప్ వస్తోంది.