తరగతిలో మాట – 3వ పాఠం: "సముద్రం వెనక్కి వెళ్లిపోయిందంట టీచర్!"

పిల్లలు మోసుకొచ్చిన వార్తను వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాయడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి దాని తరవాతి పని: ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగడం. చిన్న పనిలాగే కనిపిస్తుంది గానీ నాకు పట్టుబడటానికి ఏళ్లు పట్టింది.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఒక తుపాను రోజుల్లో ఓ అమ్మాయి ఫోన్లో చదివిందేదో క్లాసులో చెప్పింది. "ఇలాంటివి కూడా నమ్మేస్తావా?" అనేశాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల ఆ ఏడాది మళ్లీ చెయ్యెత్తలేదు. తను ఇంకా ఏమేం నమ్ముతోందో నాకు తెలిసే దారిని ఆ రోజు నేనే మూసేసుకున్నాను.

ఇప్పుడు ఈ సంభాషణ చూడండి. విశాఖపట్నంలో మా ఎనిమిదో తరగతి, సైన్సు పీరియడ్.

"టీచర్, ఆర్కే బీచ్‌లో సముద్రం వెనక్కి వెళ్లిపోయిందంట. సునామీ వస్తాదంట. వీడియో వచ్చింది."

"అది మన బీచేనని ఎలా తెలుసుకోవచ్చు?"

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

"కురుసుర కనబడాలి కదా టీచర్" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామి మ్యూజియం అది. నేను ఇంకా ఆగాను.

"డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా. వీడియోలో కొబ్బరిచెట్లే ఉన్నాయి" అంది ఇంకో అమ్మాయి.

"సరే, మన బీచే అనుకుందాం. నీళ్లు వెనక్కి వెళ్లడానికి ఇంకేం కారణాలుంటాయి?"

ఈసారి జాలరిపేట పిల్లవాడు లేచాడు. "అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువ టీచర్, ఆటూ ఎక్కువే. మా తాత అప్పుడు రాళ్ల దాకా నడిచెళ్తాడు." ఎవరో గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పరుగెత్తారు. ముందురోజే పౌర్ణమి.

ఇందులో నేను "తప్పు" అనలేదు. "శభాష్" కూడా అనలేదు, అదే ఎక్కువ కష్టం. కురుసుర మాటకి అక్కడే మెచ్చుకొని ఉంటే మిగతావాళ్లు జవాబు దొరికిపోయిందనుకునేవాళ్లు, కొండ మాట బయటికొచ్చేది కాదు.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతుల రికార్డింగులు విని, 1970లలో ఒక సంగతి బయటపెట్టారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పెద్దవయ్యాయి, పిల్లలే ప్రశ్నలు వెయ్యడం పెరిగింది. పిల్లలు జవాబిచ్చాక కూడా అలాగే ఆగమన్నారు ఆవిడ. మనం ఎక్కువగా మర్చిపోయేది ఈ రెండో విరామాన్నే.

ఇక్కడితో ఆపేస్తే మాత్రం పాఠం ప్రమాదకరంగా మిగిలిపోతుంది. వీడియో మన ఊరిది కాకపోయినా, ఆ పుకారులో ఒక నిజం ఉంది. సునామీకి ముందు కొన్నిసార్లు సముద్రం నిజంగానే వెనక్కి తగ్గుతుంది. అందుకే నేను ఇంకో ప్రశ్న వేశాను: "మరి నిజంగా సునామీ అయితే ఎలా తెలుస్తుంది?" దీనికి కొంత సమాచారం మనమే ఇవ్వాలి, పిల్లలు ఊహించి చెప్పేది కాదు. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది మన టైము ప్రకారం ఉదయం ఆరున్నరకి. అలలు మన తూర్పు తీరానికి చేరింది దాదాపు రెండున్నర గంటల తరవాత. అప్పట్లో హెచ్చరించే వ్యవస్థ మనకి లేదు. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఆ పని చేస్తోంది. ఇది చెప్పాక పిల్లలే అడిగారు: "అయితే ఇన్‌కాయిస్ ఏం చెప్పిందో చూద్దామా టీచర్?" ఆ ప్రశ్న వాళ్ల నోట రావాలనే ఇంతసేపూ ఆగింది.

ఒక్క హద్దు గుర్తుంచుకోండి. అధికారుల హెచ్చరిక వచ్చినా, నేల గట్టిగా కంపించినా, కళ్లముందే సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా చర్చ పెట్టకూడదు. ముందు పిల్లల్ని ఎత్తైన చోటికి తీసుకెళ్లాలి, చర్చ ఆ తరవాతే. ఈ మాట పిల్లలకీ చెప్పండి.

ఈ వారం అభ్యాసం: ఒక్క పీరియడ్ ఎంచుకోండి. ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టండి, జవాబు విన్నాక మళ్లీ మూడు. ఆ నిశ్శబ్దంలో మొదట మీకే టెన్షన్‌గా ఉంటుంది. చేతిలో చాక్‌పీస్ పట్టుకుని కిటికీ వైపు చూడండి, నాకు అది పనిచేసింది. మూడో సెకను తరవాత ఎవరు మాట్లాడారో నోట్‌బుక్‌లో రాసుకోండి. సాధారణంగా చెయ్యెత్తని పిల్లలెవరైనా అందులో ఉన్నారా?

వచ్చే పాఠంలో ఇంకొంచెం ఇబ్బందైన సందర్భం చూద్దాం: "ఈ మెసేజ్ మా నాన్నే పంపాడు టీచర్" అని పిల్లవాడు అన్నప్పుడు, ఇంట్లోవాళ్ల గౌరవం పోకుండా ఏం అడగాలి?