భుజం కీలు మార్పిడి, 5వ పాఠం: ఎముక అరిగిన చోట బేస్‌ప్లేట్‌కు పట్టు

కిందటి పాఠంలో వాల్ష్ వర్గీకరణ చూశాం, అంటే గ్లినాయిడ్ (రెక్క ఎముక, అంటే స్కాపులాలో భుజం కీలు వైపు ఉండే గుంట) ఎలా అరిగిందో చెప్పే రకాలు. సీటీ చూసి ఇది బీ2 (వెనుక అరిగి రెండు గుంటలుగా మారినది), ఇది సీ (పుట్టుకతోనే బాగా వెనక్కి తిరిగినది) అని ఇప్పుడు మీరు చెప్పగలరు. ఈసారి నేర్చుకోవాల్సింది ఇంకాస్త కష్టం. అరిగిపోయిన గ్లినాయిడ్ మీద రివర్స్ కీలు (బంతి, గిన్నె చోట్లు మార్చిన కృత్రిమ కీలు) బేస్‌ప్లేట్, అంటే బంతిని ఎముకకు పట్టి ఉంచే లోహపు ప్లేటు, కదలకుండా నిలబడుతుందో లేదో ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లకముందే తేల్చుకోవాలి.

పీజీలు సీటీ ముందు కూర్చోగానే పోయిన ఎముకను కొలవడం మొదలుపెడతారు. ముందు మిగిలిన ఎముక ఎక్కడుందో వెతకండి, ఎందుకంటే స్క్రూ పట్టుకునేది దాన్నే.

బేస్‌ప్లేట్ వెనుక భాగంలోకి ఎముక పెరిగి అతుక్కోవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ప్లేటు ఎముక మీద దాదాపు 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు, మించి కదలకూడదు. మించితే అక్కడ ఎముకకు బదులు పీచు కణజాలం పెరుగుతుంది, కొంతకాలానికి ప్లేటు వదులవుతుంది. రోగి చేయి ఎత్తిన ప్రతిసారీ డెల్టాయిడ్ కండరం ఆ ప్లేటును ఊపాలనే చూస్తుంది.

1985లో ఫ్రాన్స్‌లోని దిజాన్‌లో పాల్ గ్రామాం అనే సర్జన్ ఈ చిక్కుకు దారి చూపారు. కీలు తిరిగే కేంద్రాన్ని లోపలికి, ఎముక అంచు దగ్గరకే తెచ్చారు. దాంతో ప్లేటును పెకలించే బలం బాగా తగ్గింది. అరుగుదలను పూడ్చడానికి మందమైన గ్రాఫ్ట్ (వేరేచోటి నుంచి తెచ్చిన ఎముక ముక్క) పెట్టామంటే, అది అతుక్కునేదాకా ఆ బలం మళ్లీ పెరిగినట్టే. అందుకే గ్రాఫ్ట్ పెట్టిన కేసులో సెంట్రల్ పెగ్ (ప్లేటు మధ్య నుంచి ఎముకలోకి దిగే కడ్డీ) పొడవుగా ఉండాలి. అది గ్రాఫ్ట్‌ను దాటి రోగి సొంత ఎముకలోకి దాదాపు ఒక సెంటీమీటరైనా దిగాలి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. గ్లినాయిడ్ వెడల్పు 25 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక్కి తిరిగిన ఉపరితలాన్ని రీమర్‌తో (ఎముకను చెక్కే పరికరం) ముందువైపు చెక్కి సరిచేయాలంటే ఎంత ఎముక పోతుంది? వెడల్పును కోణం టాంజెంట్‌తో గుణించండి. 10 డిగ్రీలకు 4.4 మిల్లీమీటర్లు, 15కి 6.7, 20కి 9.1 వస్తుంది. ఇది ఉపరితలం చదునుగా ఉందనుకుని వేసిన లెక్క. అయినా విషయం తెలుస్తోంది కదా: 15 డిగ్రీలు దాటి చెక్కితే గట్టి సబ్‌కాండ్రల్ ఎముక (మృదులాస్థి కిందుండే పొర) లేచిపోయి కింద మెత్తటి ఎముక మిగులుతుంది. చూడటానికి ప్లేటు నిటారుగా కూర్చుంటుంది కానీ పట్టు ఉండదు. ఎక్స్‌రే అందంగా రావాలని ఇలా చెక్కడం నాకు అస్సలు నచ్చదు.

20 డిగ్రీల బీ2 వస్తే నేనైతే కొంచెం చెక్కి, ఓ 5–10 డిగ్రీల వంపును అలాగే వదిలేస్తాను. రివర్స్ కీలు ఆ మాత్రం వంపును తట్టుకుంటుంది. అప్పుడు ప్లేటు వెనుక కనీసం సగభాగం సొంత ఎముకకు ఆనుతుందా చూడండి. ఆనకపోతే హ్యూమరస్ (పై చేయి ఎముక) తల నుంచి కోసిన గ్రాఫ్టో, ఒకవైపు మందంగా ఉండే ఆగ్మెంటెడ్ బేస్‌ప్లేటో కావాలి. రివిజన్ (మళ్లీ చేసే ఆపరేషన్) కేసులో హ్యూమరస్ తల ఉండదు కాబట్టి తుంటి ఎముక నుంచి తీసుకోవాల్సి రావచ్చు.

ఇక స్క్రూలు. గ్లినాయిడ్ ఎంత అరిగినా స్కాపులాలో సాధారణంగా మూడు చోట్ల గట్టి ఎముక మిగులుతుంది: కొరకాయిడ్ (ముందుకు పొడుచుకొచ్చే కొక్కెం లాంటి ఎముక) మొదలు, స్కాపులా స్పైన్ (వెనుక గట్టులా ఉండేది), కింద బయటి అంచు. సీటీలో ఈ మూడింటి వైపు గీతలు గీసి, ప్లేటును ఎటు తిప్పితే రంధ్రాలు వాటికి ఎదురుగా వస్తాయో చూడండి. థియేటర్‌లో ముందు మామూలు స్క్రూ బిగించి ప్లేటును ఎముకకు అదమాలి, తర్వాతే లాకింగ్ స్క్రూలు (తల ప్లేటులోకే బిగిసేవి). లాకింగ్ స్క్రూ తన కోణాన్ని నిలుపుకుంటుందే గానీ ప్లేటును ఎముక వైపు లాగదు. ఈ వరుస తారుమారైతే ప్లేటు వెనుక సందు అలాగే ఉండిపోతుంది.

పైభాగం అరిగిన కేసుల్లో, అంటే ఫవార్ వర్గీకరణలో (పైకి, కిందికి అరుగుదలను చెప్పేది) ఈ2, ఈ3 రకాల్లో, ఇంకో ప్రమాదం ఉంది. రీమర్ అరిగిన వంపు వెంటే జారి ప్లేటు పైకి చూస్తూ కూర్చుంటుంది. అలా కూర్చున్న ప్లేటు వదులయ్యే అవకాశం ఎక్కువ. గైడ్ పిన్ (రీమర్‌కు దారి చూపే తీగ) వేసేటప్పుడే కోణం చూసుకోండి.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక బీ2 సీటీని స్కాపులా తలానికి సరిచేసి, గ్లినాయిడ్ మధ్య స్లైస్‌లో వంపు కొలవండి. 5, 10, 15 డిగ్రీల దిద్దుబాటుకు ఎంత ఎముక పోతుందో, ప్లేటు ఎంత ఆనుతుందో రాయండి. 6వ పాఠంలో ఆ అంకెలతోనే గ్రాఫ్ట్ మందం లెక్క వేద్దాం.