సంఘం వెబ్‌సైట్‌లో ఎవరు ఏం దిద్దొచ్చు: వర్డ్‌ప్రెస్‌లో సభ్యులకు రోల్స్ ఇచ్చే పద్ధతి

సీజన్‌లో మామిడి రైతు సంఘం వెబ్‌సైట్ తెరిచే రైతుకు కావలసింది ఒక్కటే: దామలచెరువు మండీలో ఇవాళ తోతాపురి కిలో ఎంత, బంగారుపాళ్యంలో ఎంత. ఆ అంకెను మండీలో ఉన్న సభ్యుడే ఫోన్‌లోంచి పెట్టగలగాలి. అదే సభ్యుడి చెయ్యి జారి సంఘం నిబంధనల పేజీ చెరిగిపోకూడదు. వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో రెండూ కుదురుతాయి: ఎవరు ఏం చేయొచ్చో తేల్చే ‘రోల్’ ఒక్కొక్కరికీ ఒకటి ఇవ్వాలి.

కుదరకుండా చేసేది ఎక్కువగా మొహమాటమే. అధ్యక్షుడికి చిన్న రోల్ ఇస్తే ఏమనుకుంటారో అని ఆయనకు అడ్మినిస్ట్రేటర్, ఆయనకిచ్చి కార్యదర్శికి ఇవ్వకపోతే ఎలా అని ఆయనకూ అడ్మినిస్ట్రేటర్. సంఘంలో హోదా వేరు, వెబ్‌సైట్‌లో రోల్ వేరు. అడ్మినిస్ట్రేటర్ అంటే ప్లగిన్లు (సైట్‌కు అదనపు పనులు జోడించే ప్రోగ్రాములు) తీసేయగల, థీమ్ (సైట్ రూపం) మార్చగల, ఇతరుల ఖాతాలు తొలగించగల మనిషి. ఆ పని చేయని వాళ్లకు ఆ రోల్ అక్కర్లేదు. సైట్ చూసుకునే ఒకరికి, ఆయన ఊళ్లో లేనప్పుడు అందుకోవడానికి ఇంకొకరికి, మొత్తం ఇద్దరికి చాలు.

మిగతా రోల్స్ సంగతి. సబ్‌స్క్రైబర్ చదువుతారు, తన ప్రొఫైల్ మార్చుకుంటారు, అంతే. కంట్రిబ్యూటర్ రాసి పంపుతారు, పబ్లిష్ చేయలేరు. ఆథర్ తన పోస్టులను (తేదీలవారీగా వచ్చే రాతలను) తానే పబ్లిష్ చేసి, దిద్ది, తొలగించగలరు. ఎడిటర్ అందరి పోస్టులనూ, పేజీలనూ ముట్టుకోగలరు. ప్లగిన్లు, యూజర్లు మాత్రం ఆ చేతికి అందవు. అధ్యక్షుడు సైట్‌లో ఏమీ రాయరంటే ఆయనకు ఖాతాతోనే పని లేదు. ప్రకటనలు చూసి సరిచేసే కార్యదర్శికి ఎడిటర్ సరిపోతుంది.

మండీలో రేట్లు రాసేవాళ్లకు ఏది? చూడగానే కంట్రిబ్యూటర్ క్షేమం అనిపిస్తుంది. కానీ కంట్రిబ్యూటర్‌కు ఫోటో అప్‌లోడ్ చేసే వీలుండదు. అంతకంటే పెద్ద చిక్కు, ఒకసారి పబ్లిష్ అయ్యాక తన పోస్టునే తాను దిద్దలేరు. 8 రూపాయలు కొట్టబోయి 18 కొట్టారనుకోండి, ఎడిటర్ భోజనానికి వెళ్లుంటే ఆయన తిరిగొచ్చేదాకా 18 అలాగే ఉంటుంది. ఈలోపు ఎవరో ట్రాక్టర్‌కు లోడు ఎత్తించేస్తారు. రోజూ మారే అంకెకు ఆథర్ రోలే సరి.

ఆథర్ ఇచ్చాక మొదట వచ్చే ఫిర్యాదు ‘నాకు మండీ ధరలు కనిపించడం లేదు’ అని. కారణం, చాలా సైట్లలో ధరలను పోస్టుగా కాక, నిబంధనల్లాగా ఎప్పుడూ ఒకేచోట ఉండే పేజీగా కట్టి ఉంటారు. కంట్రిబ్యూటర్‌కు గానీ ఆథర్‌కు గానీ డ్యాష్‌బోర్డులో (లాగిన్ అయ్యాక పనిచేసే తెరలో) పేజెస్ అనే మెనూయే ఉండదు. ఇక్కడే అందరూ తొందరపడి ఆ సభ్యుణ్ని ఎడిటర్ చేసేస్తారు. ఒక్క పేజీ కోసం సైట్‌లోని పేజీలన్నీ తెరిచిచ్చినట్టు. మార్చాల్సింది రోల్‌ని కాదు, ధరలు ఉండే చోటుని. ధరలను పోస్టులుగా పెట్టించండి. ‘మండీ ధరలు’ అని ఒక కేటగిరీ చేసి, దాన్నే పైన మెనూలో తగిలించండి. కేటగిరీ తయారుచేయడం ఎడిటర్ గానీ అడ్మినిస్ట్రేటర్ గానీ ముందే చేసిపెట్టాలి, ఆథర్‌కు కొత్త కేటగిరీ చేసే వీలు లేదు.

మండీ హడావుడిలో కేటగిరీ టిక్ పెట్టడం మర్చిపోవడం ఖాయం. అప్పుడు పోస్టు అన్‌కేటగరైజ్డ్ కిందికి వెళ్లి, మెనూ నొక్కిన రైతుకు నిన్నటి రేటే కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో రైటింగ్ తెరిచి, డిఫాల్ట్ పోస్ట్ కేటగిరీ దగ్గర ‘మండీ ధరలు’ ఎంచి సేవ్ చేస్తే ఈ తలనొప్పి పోతుంది.

ఒకే పోస్టును రోజూ దిద్దడం కంటే రోజుకో కొత్త పోస్టు మేలు. ఒక ఆథర్ పోస్టును ఇంకో ఆథర్ దిద్దలేరు కాబట్టి, రోజూ రాసే మనిషి పెళ్లికి వెళ్లినా ఆ పూట వేరేవాళ్లు తమ ఖాతాలోంచి కొత్తది పెట్టేయొచ్చు. పాత రేట్లూ తేదీలవారీగా మిగులుతాయి.

ఆథర్‌తో ఉన్న అసలు భయం తొలగింపు. అలిగిన సభ్యుడు తన సీజన్ మొత్తం పోస్టులను ఒక్క నిమిషంలో ట్రాష్‌లో (చెత్తబుట్టలో) వేయగలడు. ట్రాష్‌లో 30 రోజులుంటాయి గానీ, అక్కడినుంచి కూడా శాశ్వతంగా తీసేసే బటన్ అతని చేతిలోనే ఉంటుంది. దీనికి ‘యూజర్ రోల్ ఎడిటర్’ లాంటి ప్లగిన్ వేసుకుని, ఆథర్‌ని కాపీ చేసి ‘మండీ రిపోర్టర్’ అనే కొత్త రోల్ చేయండి. అందులో ‘డిలీట్ పబ్లిష్డ్ పోస్ట్స్’ టిక్ తీసేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అది చాలదు: పబ్లిష్ అయిన పోస్టును డ్రాఫ్ట్‌కి (పబ్లిష్ కాని చిత్తుప్రతికి) మార్చి, ఆ డ్రాఫ్ట్‌ని తొలగించే దొడ్డిదారి ఉంది. ‘డిలీట్ పోస్ట్స్’ టిక్ కూడా తీస్తేనే ఆ దారి మూతపడుతుంది.

రోల్స్ మార్చేముందు డేటాబేస్ బ్యాకప్ తీసుకోవాలి. ఈ మార్పులు డేటాబేస్‌లో నిలిచిపోతాయి. తేడా వచ్చిందని ప్లగిన్‌ని ఆపేసినంత మాత్రాన పాత స్థితికి రావు. అడ్మినిస్ట్రేటర్ రోల్ జోలికి అసలు పోవద్దు, అందులో తప్పు టిక్ తీస్తే బయట నిలబడేది మీరే.

గూగుల్ మ్యాప్‌ను పోస్టులోనే చూపించే ఎంబెడ్ కోడ్ అతికించి సేవ్ చేయగానే మాయమైపోతోందని ఆథర్ చెబితే కంగారు వద్దు. మామూలు సైట్‌లో అలాంటి కోడ్ నిలిచేది ఎడిటర్, అడ్మినిస్ట్రేటర్ చేతుల్లోనే. భద్రత కోసం పెట్టిన కట్టడి అది. ఆ మ్యాప్ ఎడిటర్ చేత పెట్టించండి.

ఖాతా తెరిచేటప్పుడు యూజర్స్‌లో యాడ్ యూజర్ నొక్కి, ఆ మనిషి సొంత ఈమెయిల్ ఇచ్చి, కింద రోల్ దగ్గర మండీ రిపోర్టర్ ఎంచండి. యూజర్‌నేమ్ తర్వాత డ్యాష్‌బోర్డులోంచి మార్చలేరు, అక్షరాలు సరిచూసుకోండి. మెయిల్‌లో వెళ్లే పాస్‌వర్డ్ లింకు ఒక్కరోజే పనిచేస్తుంది. మనవాళ్లు వాట్సాప్ చూసినంతగా మెయిల్ చూడరు కాబట్టి, లింకు పంపిన వెంటనే ఫోన్ చేసి, స్పామ్ ఫోల్డర్ కూడా చూడమని చెప్పాలి. రేట్లు రాసేవాళ్లందరికీ ఒకే ఖాతా ఇవ్వడం మాత్రం వద్దు. తప్పు రేటు ఎవరు కొట్టారో అప్పుడు దేవుడికే తెలియాలి. సెట్టింగ్స్‌లో జనరల్ తెరిచి, ‘ఎనీవన్ కెన్ రిజిస్టర్’ టిక్ లేకుండా, కొత్త యూజర్ డిఫాల్ట్ రోల్ సబ్‌స్క్రైబర్‌గా ఉందో లేదో కూడా ఒకసారి చూడండి.

సభ్యుడు సంఘం వదిలి వెళ్లినప్పుడు ఖాతాను డిలీట్ చేయాలని చెయ్యి లాగుతుంది. డిలీట్ నొక్కితే అతని పోస్టులు ఏం చేయాలని అడుగుతుంది. మొదటి ఎంపిక కంటెంట్ మొత్తం తీసేస్తుంది. తప్పనిసరైతే ‘అట్రిబ్యూట్ ఆల్ కంటెంట్ టు’ ఎంచి కార్యదర్శి పేరుకు మార్చండి. అసలు డిలీట్ చేయకుండానే పని జరుగుతుంది: అతని ప్రొఫైల్ తెరిచి, రోల్‌ను ‘నో రోల్ ఫర్ దిస్ సైట్’కి మార్చి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, లాగ్ అవుట్ ఎవ్రీవేర్ నొక్కండి. పోస్టుల మీద అతని పేరు అలాగే ఉంటుంది, చెయ్యి మాత్రం పడదు.

అన్నీ సర్దాక ‘పరీక్ష’ అని ఒక ఖాతా చేసి మండీ రిపోర్టర్ రోల్ ఇవ్వండి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి దాంతో లాగిన్ అవ్వండి. ఒక రేటు పెట్టి, దిద్ది, ఫోటో ఎక్కించి, తర్వాత దాన్ని తొలగించడానికి ప్రయత్నించండి. ఆ పోస్టు దగ్గర ట్రాష్ అనే మాట కనిపించకపోతే టిక్‌లు సరిగ్గా పడ్డట్టే. ఆ ఖాతాను మీరే తీసేయండి.