స్టార్టప్ స్వయంబోధిని – 4వ పాఠం: మెంటర్ నుంచి జవాబు వచ్చాక

గత పాఠంలో మెంటర్‌కు, అంటే అనుభవంతో సలహాలిచ్చి దారి చూపేవారికి, మొదటి ఉత్తరం రాయడం నేర్చుకున్నాం. చాలామంది చక్కగా రాశారు, చిక్కంతా జవాబు వచ్చాకే మొదలైంది. "మీ ఆలోచన నచ్చింది, నా సూచనలు ఈ పత్రంలో రాశాను" అంటూ అపరిచితులు పంపిన లింకును నొక్కి, అక్కడ తెరుచుకున్న లాగిన్ పేజీలో సంస్థ మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చినవారు మీలో కొందరున్నారు. మరికొందరు వినియోగదారుల ఫోన్ నంబర్లతో సహా పిచ్ డెక్‌ను (సంస్థను పరిచయం చేసే స్లైడ్లను) లింకు దొరికిన ప్రతివారూ చూడగలిగేలా పెట్టి పంపారు. అందువల్ల మెంటర్‌కు సంస్థలో వాటా ఇవ్వడం గురించిన పాఠాన్ని వాయిదా వేసి, ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

మెంటర్లు ఎక్కడ దొరుకుతారో మీకు తెలుసు: హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు తోడ్పడే టీ-హబ్, మహిళలకు అలాంటిదే వీ-హబ్, దేశమంతటికీ కేంద్ర ప్రభుత్వ స్టార్టప్ ఇండియా వారి మార్గ్ అనే ఆన్‌లైన్ వేదిక. ఎవరైనా తాము ఫలానా సంస్థలో మెంటర్‌మని చెప్పుకుంటే, వారిచ్చిన నంబరుకు కాకుండా ఆ సంస్థ వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి విచారించండి.

ఇక నన్ను బాగా కలవరపెట్టే మాట ఒకటుంది: "ఓటీపీ పెట్టుకున్నాం కదా, ఇంకెవరు లోపలికి రాగలరు?" ఈ ధీమా వల్లే ఖాతాలు పోతున్నాయి. నకిలీ పేజీలో మీరు పాస్‌వర్డ్ కొట్టగానే, దాని వెనకనున్న ప్రోగ్రాము అదే పాస్‌వర్డ్‌ను అసలు సైటులో ఇస్తుంది. అసలు సైటు మీ ఫోనుకు నిజమైన ఓటీపీనే పంపుతుంది. మీరు దాన్ని కూడా నకిలీ పేజీలోనే కొడతారు, అది క్షణాల్లో అసలు సైటుకు చేరుతుంది, మీ పేరిట మోసగాడు లోపలికి వెళతాడు. ఫోనులోని అథెంటికేటర్ యాప్ లాగిన్ కోసం చూపే ఆరంకెల కోడ్‌ది కూడా ఇదే పరిస్థితి, ఎందుకంటే మనిషి చదివి టైపు చేసే ఏ కోడ్‌నైనా మరొకరికి అందించవచ్చు. పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు ఫోనులోనో కంప్యూటరులోనో ఉండే డిజిటల్ తాళంచెవి) గాని, యూఎస్‌బీ సెక్యూరిటీ కీ (లాగిన్ కోసం కంప్యూటరుకు తగిలించే చిన్న పరికరం) గాని అలా మోసపోవు. అవి నమోదైన డొమైన్‌కు (వెబ్‌సైటు చిరునామాకు) మాత్రమే స్పందిస్తాయి కాబట్టి, పేజీ చూడటానికి అచ్చం అసలుదానిలాగే ఉన్నా చిరునామా వేరైతే పనిచేయవు. నేను రెండు సెక్యూరిటీ కీలు నమోదు చేసుకుని, ఒకటి తాళాల గుత్తికి తగిలించి, రెండోది ఇంట్లో బీరువాలో పెట్టుకున్నాను. మీకూ అదే చెబుతాను.

చిరునామా చదవడంలోనూ ఒక పద్ధతి ఉంది. హెచ్‌టీటీపీఎస్ పక్కనున్న రెండు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. "డాక్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ డాట్ మెంటర్‌ఫైల్స్ డాట్ ఇన్" అని ఉంటే ఆ పేజీ మెంటర్‌ఫైల్స్ పేరు కొనుక్కున్నవారిది, గూగుల్‌ది కాదు.

ఇప్పటికే పాస్‌వర్డ్ ఇచ్చేసినవారు దాన్ని మార్చి ఊరుకుంటే సరిపోదు. అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసి, మెయిల్ సెట్టింగుల్లో కొత్తగా ఫార్వర్డింగ్ చిరునామా గాని, ఫిల్టర్ గాని చేరిందేమో చూడాలి. పాస్‌వర్డ్ మారాక కూడా మీ ఉత్తరాల నకళ్లు మోసగాడికి చేరేది ఆ దారినే. మీరు అనుమతిచ్చిన బయటి యాప్‌లను విడిగా తొలగించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కంపెనీగా నమోదైనవారు ఇలాంటి చొరబాటు సంగతి తెలిసిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థకు) తెలపాలని 2022 ఏప్రిల్ నాటి ఆదేశాలు చెబుతున్నాయి.

మెంటర్‌కు కావలసింది మీ అంకెలు, మీ ప్రశ్న. డెక్‌ను వారి మెయిల్ చిరునామాకు మాత్రమే, చూడటానికి మాత్రమే వీలుండేలా పంపండి. లాగిన్ అడిగేవారితో సంభాషణ అక్కడితో ఆపేయండి.

అభ్యాసం: డొమైన్, మెయిల్, క్లౌడ్, బ్యాంకు ఖాతాలు ఒక్కొక్కటీ ఎవరి ఫోనుకు, ఎవరి రికవరీ మెయిల్‌కు ముడిపడి ఉన్నాయో కాగితం మీద రాయండి. మానేసిన ఉద్యోగి నంబరు గాని, వెబ్‌సైటు చేసిపెట్టిన స్నేహితుడి మెయిల్ గాని కనబడితే ఈరోజే మార్చండి. ఆ తర్వాత మీ ఫోనును స్విచాఫ్ చేసి భాగస్వామి చేతికిచ్చి, ఎన్నడూ వాడని ల్యాప్‌టాప్‌లో, ముద్రించి పెట్టుకున్న బ్యాకప్ కోడ్‌లతోనో (ఫోను లేనప్పుడు వాడేందుకు ముందే తీసుకునే కోడ్‌లు) రెండో కీతోనో సంస్థ మెయిల్‌లోకి ప్రవేశించండి. ప్రవేశించలేకపోతే లోపం సరిదిద్ది, మళ్లీ మొదటి నుంచి చేయండి. 5వ పాఠంలో మెంటర్‌తో వాటా ఒప్పందం ముసాయిదాను ఆ మెయిల్ నుంచే పంపాల్సి ఉంటుంది.