కట్టె చీలడం లేదా? గొడ్డలిని వదిలి మొద్దును చూడండి

మొద్దు పగలకపోతే అందరూ ముందు గొడ్డలికి సానపడతారు, తర్వాత ఇంకా బలంగా కొడతారు. కోసిన ముఖాన్ని చూసేవాళ్లు తక్కువ. ఎండిన మొద్దు అక్కడ బీటలు వారి ఉంటుంది. పెద్ద బీట వెంబడే దెబ్బ పడాలి. దానికి అడ్డంగా కొడితే మిగిలేది చెమటే.

దెబ్బకు మొద్దు నేలలోకి దిగుతోందా? కింద మట్టి ఉంది. వెడల్పాటి అడుగుమొద్దు వేసుకోండి. ఇది చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.

గొడ్డలి దిగి ఇరుక్కుంటోందా? చెట్టు నరికే పలచని గొడ్డలితో చీలుస్తున్నారు. పగులులోకి దిగగొట్టే ఇనుప చీలలు, సమ్మెట వాడండి. ఇరుక్కున్న గొడ్డలి తల మీద మాత్రం సమ్మెటతో కొట్టకండి, కామ దగ్గర వదులవుతుంది.

మొద్దు పగిలినా విడిపోవడం లేదా, చీల ఎగిరి బయటికొస్తోందా? అసలు తంటా ఇదే. సరుగుడుకు అలవాటుపడ్డ చేతికి వేపో, చింతో, జామాయిలో తగిలినప్పుడు తెలుస్తుంది. పైకి బెరడు నిటారుగా, ఒక్క కణుపు లేకుండా మొద్దు బుద్ధిగానే కనిపిస్తుంది. లోపల చార, అంటే కట్టె పోగులు సాగే దారి, మెలి తిరిగి ఉంటుంది. వేపలో, చింతలో ఒక పొర చార ఇటు వాలితే పక్క పొర అటు వాలుతుంది. పగులులోకి తొంగిచూడండి: రెండు ముక్కలనూ పట్టుకుని పోగులు జడపాయల్లా ఏటవాలుగా సాగి ఉంటాయి. చీలను బయటికి నెట్టేది అవే. ఇది తెలియక కొందరు పెద్ద సమ్మెట కొని తెచ్చుకుంటారు!

ముందే కనిపెట్టాలంటే అరచేయంత బెరడు ఊడదీసి, ఎండుపగుళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ఏటవాలుగా ఉంటే మొద్దును నడిమికి కొట్టకండి. అంచు నుంచి రెండంగుళాల మందాన చుట్టూ చెక్కలు తీస్తూ లోపలికి రండి. మొద్దు రెండడుగులుంటే ముందే రంపంతో అడుగు ముక్కలు చేసుకోండి, సగం శ్రమ తగ్గుతుంది. ఇప్పటికే నడిమికి పగలగొట్టేశారా? మొదటి చీలను అలాగే ఉంచి, పగులు వెంబడి కాస్త ముందు రెండోది దిగగొట్టండి. బిగువుగా సాగిన పోగులను గొడ్డలితో తెగ్గొట్టండి. జామాయిల్‌ను మాత్రం పచ్చిగా ఉండగానే చీల్చి, ఆ తర్వాత ఎండబెట్టండి.

కొమ్మ కణుపు ఉంటే ఆ వైపును కిందికి పెట్టండి. లోపల మేకో కంచె తీగో ఉండటం అరుదు. నిప్పురవ్వ లేచిందంటే ఆ మొద్దును పక్కన పడేయండి. చీల తల అంచులు విచ్చుకుంటే అరగదీయండి, లేదంటే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది.